తూటా వేగం ఎంత ఉండాలి? ఇంగ్లండులో క్లే షూటింగు మొదలుపెట్టిన మన పిల్లలకు

సంక్రాంతికి అనంతపురం వచ్చి ఉన్నప్పుడు, ఇంగ్లండులో ఉద్యోగంలో చేరి రెండేళ్లయిన కర్నూలు అబ్బాయి ఒకడు మా చిన్నాయన కొడుకు వెంట మా ఇంటికి వచ్చాడు. మిద్దె మీద చాప పరిచి కూర్చున్నాక, మాటల మధ్యలో జేబులోంచి రెండు అట్టముక్కలు తీసి నా చేతిలో పెట్టాడు. అతడు అక్కడ క్లే షూటింగు, అంటే యంత్రం గాలిలోకి విసిరే బిళ్లలను తుపాకీతో పగలగొట్టే ఆట, మొదలుపెట్టాడట. అవి పన్నెండు బోరు (గొట్టం లావు కొలత) తూటాల పెట్టెల మూతలు. ఒకదాని మీద 28 గ్రాములు, సెకనుకు 1,350 అడుగులు అని ఉంది; గ్రాములు తూటాలోని పెల్లెట్ల (చిన్న సీసపు గుళ్ల) మొత్తం బరువు, అడుగులు అవి దూసుకుపోయే వేగం. రెండోదాని మీద అదే 28 గ్రాములు, సెకనుకు 1,500 అడుగులు అని ఉంది.

"అన్నా, ఇరవై అయిదు బిళ్లలకు పన్నెండు పగిలితే గొప్ప. నాతో వచ్చేవాళ్లంతా వేగం ఎక్కువున్నవి కొనమంటున్నారు. ఏది కొనాల?" అని అడిగాడు.

ముందుగా, అతడు మూతలు మాత్రమే తెచ్చి తూటాలు తేకపోవడం నాకు ఎంతో ఊరటనిచ్చింది. మన దేశంలో 1959 నాటి ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా ఒక్క తూటా దగ్గర ఉంచుకున్నా నేరమే. ఇంగ్లండు పోలీసులు ఇచ్చిన షాట్‌గన్ సర్టిఫికెట్ బెంగళూరు విమానాశ్రయంలో పనికిరాదు. మైదానానికి వేసుకుపోయే కోటు, భుజానికి తగిలించుకునే సంచీ ఊరికి వచ్చేటప్పుడు తేవద్దు. తేక తప్పదనుకుంటే ప్రతి జేబునూ తిరగేసి దులిపి చూసుకోండి. మూలలో మరిచిపోయిన ఒక్క తూటా సెలవులన్నీ కోర్టు చుట్టూ తిప్పగలదు.

ఇక అతని ప్రశ్నకు నా జవాబు: 1,350 అడుగుల పెట్టెనే కొనాలి, వీలైతే అందులోనూ 28 గ్రాములది కాక 24 గ్రాములది కొనాలి. ఇలా ఎందుకు చెబుతున్నానో వివరంగా రాయవలసి ఉంది, ఎందుకంటే వేగం పెరిగితే గురి కుదురుతుందన్న నమ్మకం కొత్తవాళ్లలో చాలా బలంగా నాటుకుని ఉంటుంది.

కర్నూలు వైపు నల్లరేగడి చేలల్లో జొన్న కంకి పాలుపోసుకునే వేళ మంచె ఎక్కి ఒడిసెల తిప్పినవాళ్లకు ఈ ఆటలోని మొదటి సూత్రం ఎవరూ చెప్పనక్కరలేదు. ఎగిరే పిట్ట ఉన్న చోటికి కాక అది చేరబోయే చోటికి రాయి వెయ్యాలి. క్లే బిళ్ల విషయమూ అంతే. ఆ బిళ్ల 110 మిల్లీమీటర్ల వెడల్పుతో, నూరు గ్రాములకు కాస్త పైన బరువుతో ఉంటుంది. అడ్డంగా దూసుకుపోయే దానికి ఎంత ముందు గురి పెట్టాలన్నది బిళ్ల వేగాన్ని, దూరాన్ని, సీసపు పెల్లెట్లు అక్కడికి చేరడానికి పట్టే కాలాన్ని బట్టి ఉంటుంది. తూటా వేగం పెరిగితే ఈ మూడో అంశం తగ్గుతుంది కదా, గురి సులువవుతుంది కదా అని అందరూ అనుకుంటారు. తగ్గే మాట నిజమే గాని, ఎంత తగ్గుతుందో లెక్క వేసినవాళ్లు తక్కువ.

కళ్లంలో తూర్పారబట్టేటప్పుడు గింజ, పొట్టు ఒకే చేటలోంచి పడినా గింజ తిన్నగా కిందికి దిగుతుంది, పొట్టును మాత్రం గాలి ఆపేస్తుంది. పొట్టును ఎంత విసురుగా విసిరినా అది దూరం పోదు. రెండు మిల్లీమీటర్లకు కాస్త పైబడిన పెల్లెట్‌కు సీసం బరువు ఉన్నా, ఆ వేగంలో గాలి దానిని కూడా గట్టిగానే నిలవరిస్తుంది. ఎంత వేగంగా బయలుదేరితే గాలి అంత ఎక్కువగా అడ్డుపడుతుంది. అందువల్ల నలభై గజాలు చేరేసరికి పెల్లెట్ తన వేగంలో ఇంచుమించు సగం పోగొట్టుకుంటుంది. గొట్టం మూతి దగ్గర రెండు తూటాల మధ్య సెకనుకు నూరు అడుగుల తేడా ఉంటే, ఆ దూరంలో మిగిలేది అందులో సగం కూడా కాదు. నలభై గజాలు చేరడానికి రెండింటికీ పట్టే కాలంలో తేడా సెకనులో నూరో వంతు కూడా ఉండదు. సెకనుకు అరవై అడుగులు పోయే బిళ్ల ఆ కాస్త వ్యవధిలో జరిగే దూరం జానెడు లోపే. మనం వేసే పెల్లెట్ల గుంపు ఆ దూరంలో ముప్పై అంగుళాల వృత్తమంత పరుచుకుంటుంది. జానెడు తేడాను ఆ వృత్తం తనలోనే ఇముడ్చుకుంటుంది. కొత్తవాడు బిళ్లను తప్పేది జానెడుతో కాదు, రెండు మూడు మూరలతో; అదీ ఎక్కువసార్లు తుపాకీ కదలిక ఆపెయ్యడం వల్ల, బిళ్ల వెనక్కి.

ఆ అబ్బాయి పట్టుకొచ్చిన రెండు పెట్టెల మధ్య ఉన్నది నూట యాభై అడుగుల తేడా. ఆ మేరకు గురిలో లాభం స్వల్పమని పైన చెప్పాను. నష్టం మాత్రం స్వల్పం కాదు. పెల్లెట్లు ముందుకు దూసుకుపోయినంత ఊపు తుపాకీని వెనక్కి తోస్తుంది. ఆ తన్నులోని శక్తి వేగానికి వర్గంగా పెరుగుతుంది కనుక వేగం పదో వంతు పెరిగితే తన్ను దాదాపు ఐదో వంతు పెరుగుతుంది. ఒక్క తూటాకు ఇది తెలియదు. నూరు బిళ్లల పోటీలో డెబ్భయ్యో బిళ్ల దగ్గర భుజం చెబుతుంది.

ఈ సంగతి నేను నా ఒంటి మీదే తెలుసుకున్నాను. మొదటి ఏడాది దుకాణంలో ఉన్నవాటిలో అన్నిటికంటే వేగమైనవి కొన్నాను. భుజం నల్లగా కమిలినా, అలవాటు కావాలిలే అనుకుని రెండు నెలలు అలాగే కాల్చాను. నాకు నేర్పిన పెద్దాయన ఒకరోజు నాకు చెప్పకుండా ఒక గొట్టంలో మందు లేని నకిలీ తూటా పెట్టి తుపాకీ చేతికిచ్చారు. బిళ్ల వచ్చింది, ట్రిగ్గర్ నొక్కాను, పేలలేదు, అయినా నా భుజం ముందుకు ఉలిక్కిపడింది, కళ్లు మూసుకున్నాయి, గొట్టం కిందికి వంగింది. పేలిన ప్రతిసారీ అదే జరుగుతోందని, తన్ను చాటున అది నాకు కనబడలేదని అప్పుడు అర్థమైంది. ఆ భయం రెండు నెలల్లో పట్టుకుంది, వదిలించుకోవడానికి ఏడాదికి పైగా పట్టింది. ఈ ఒక్క కారణంగానే కొత్తవాళ్లకు మెత్తని తూటా, అంటే వేగమూ తన్నూ తక్కువున్నది, కొనమని ఇంత గట్టిగా చెబుతున్నాను.

గ్రాముల విషయం కూడా ఇక్కడే చూడాలి. 24 గ్రాములను 1,450 అడుగుల వేగంతో పంపినా, 28 గ్రాములను 1,350 అడుగులతో పంపినప్పటికంటే భుజానికి తక్కువే తగులుతుంది. గుణించి చూస్తే తెలుస్తుంది. 28 గ్రాములలో ఏడున్నర నంబరు (నంబరు పెల్లెట్ సైజును చెబుతుంది) పెల్లెట్లు సుమారు 400 ఉంటే 24 గ్రాములలో సుమారు 340 ఉంటాయి, బిళ్ల పగలడానికి ఇవి చాలు. ఒలింపిక్స్‌లో ట్రాప్, స్కీట్ అనే రెండు రకాల క్లే షూటింగు పోటీలు ఆడే ప్రపంచ మేటి షూటర్లందరూ నియమం ప్రకారం 24 గ్రాములకు మించకుండానే కాలుస్తారు. 2016 రియో ఒలింపిక్స్‌లో ట్రాప్ ఆడిన మన హైదరాబాదు కైనాన్ చెనాయ్ కాల్చినవీ అవే.

పెట్టె మీది అంకెలను పోల్చేటప్పుడు ఒక జాగ్రత్త అవసరం. కొందరు తయారీదారులు గొట్టం మూతి దగ్గరి వేగాన్ని రాస్తారు, కొందరు మీటరు లేదా రెండున్నర మీటర్ల దూరంలో కొలిచినదాన్ని రాస్తారు. అమెరికా పెట్టెల మీద 1,145, 1,200 అని కనబడితే అవి నీరసమైనవని అనుకోకూడదు. అక్కడ ట్రాప్ ఆటకు అవి మామూలు వేగాలే. నంబర్లూ రెండు దేశాలలో ఒకటి కావు. అమెరికా ఎనిమిదో నంబరు ఇంగ్లండు ఏడున్నరకు సమానమవుతుంది కనుక మిల్లీమీటర్లు చూసి కొనడం మేలు.

వేగమైన తూటాలు ఎవరికీ అక్కరలేదని నా ఉద్దేశం కాదు. యాభై గజాల అవతల అడ్డంగా పోయే బిళ్లలను నిలకడగా పగలగొట్టగలవారికి వాటితో కొంత లాభం ఉంది, అదీ గట్టి సీసం వాడిన మంచి రకమైతేనే. మెత్తని సీసాన్ని విసురుగా తోస్తే పెల్లెట్లు గొట్టంలోనే నలిగి గుండ్రదనం పోయి, గుంపు చెదురుతుంది. స్కీట్‌లో బిళ్లలు ఇరవై గజాల దరిదాపుల్లోనే ఉంటాయి కనుక అక్కడ వేగం గురించి ఆలోచించడమే దండగ. మరీ మెత్తని తూటాలతో కొన్ని సెమీ ఆటోమేటిక్ తుపాకులు ఖాళీ డొల్లను బయటికి నెట్టలేవు. ఆ తుపాకీ ఉన్నవాళ్లు కాస్త వేగం పెంచుకోవాలి. చలికాలంలో మందు కొంచెం మందగిస్తుందన్నది నిజమే గాని, మందపాటి కోటు వల్ల తుపాకీ మడమ భుజానికి సరిగా ఆనకపోవడం అంతకంటే పెద్ద సమస్య.

వేగం సంగతి ఎలా ఉన్నా, పెట్టె మీద రాసిన తూటా పొడవు గొట్టం మీద చెక్కిన చాంబర్ (తూటా కూర్చునే భాగం) పొడవును మించకూడదు. పాత ఇంగ్లీషు తుపాకులు చాలావరకు 65 మిల్లీమీటర్లవి, వాటిలో 70 మిల్లీమీటర్ల తూటా పెట్టకూడదు. ప్లాస్టిక్ వాడ్ (తూటాలో మందుకూ పెల్లెట్లకూ మధ్య ఉండే అడ్డు) ఉన్న తూటాలను చాలా మైదానాలు రానివ్వవు, అడిగి కొనండి.

ఆ అబ్బాయికి నేను చివరగా ఒక పరీక్ష చెప్పి పంపాను. రెండు రకాలూ ఒక్కో పెట్టె కొని, ఏది ఏదో నీకు తెలియకుండా స్నేహితుడి చేత తుపాకీలో పెట్టించుకో. ఏభై బిళ్లలు కాల్చు. ఏ తూటాకు ఏ బిళ్ల పగిలిందో అతడు రాసుకుంటాడు. వేగమైనవాటితో స్పష్టంగా ఎక్కువ పగిలి, సాయంత్రానికి భుజం కూడా బాగుంటే అవే వాడుకో. లేకుంటే మెత్తనివి రెండు వందల యాభై ఉన్న అట్టపెట్టె ఒకటి కొని, అది అయ్యేదాకా ఇంకే తూటా ముట్టుకోవద్దు. కంటికి ఒక వేగం అలవాటు పడుతున్నప్పుడు వారానికో రకం మార్చితే ఎంత ముందు గురి పెట్టాలో ఎన్నటికీ కుదరదు. అతడు ఆ మూతలను తిరిగి జేబులో పెట్టుకుని, వెళ్లగానే లెక్క రాసి పంపుతానని చెప్పి కర్నూలు బస్సు ఎక్కాడు.