స్టీల్ తీగలేసి ఉకులేలే పాడుచేశారు, కేసు నిలుస్తుందా?

ప్రశ్న: మాది సోంపేట దగ్గర పల్లెటూరు. ఓడలో పనిచేసిన మా నాన్నగారు హోనొలులు నుంచి తెచ్చిన ఉకులేలే (చిన్న గిటార్ లాంటి వాయిద్యం) పాతికేళ్లు అటక మీదే ఉండిపోయింది. ఆయన పోయాక ఇల్లు సర్దుతుంటే దొరికింది. విశాఖలో ఒక షాపుకిచ్చి బాగుచేయించాను. ఫోన్‌పేలో 1,800 రూపాయలు కట్టి 2024 నవంబర్ 8న తెచ్చుకున్నాను. మూడు వారాలకే తీగలు కట్టే బ్రిడ్జ్ ఊడి, పైచెక్క చీలింది. నైలాన్ తీగలుండాల్సిన చోట స్టీల్‌వి వేశారట. అడిగితే "చూద్దాం" అంటున్నారు. నాన్నగారి గుర్తు పోయింది. న్యాయం జరుగుతుందా?

జవాబు: మీ ఉత్తరం నాలుగు పేజీలు. మూడున్నర పేజీలు నాన్నగారి గురించే. వినియోగదారుల కమిషన్ అడిగేది ఒక్కటే: షాపుకిచ్చిన రోజు ఆ వాయిద్యం ఎలా ఉంది? "పాతికేళ్లు అటక మీద వేడికి మగ్గిన కర్ర, జిగురు ముందే వదిలేసింది" అని అవతలి లాయరు మొదలుపెడతాడు. నేనైనా అదే అంటాను.

దానికి జవాబు మీ ఆఖరి పేజీలో ఉంది. అటక మీంచి దించిన రోజే చెల్లెలికి వాట్సాప్‌లో ఫొటో పంపానన్నారు. అందులో బ్రిడ్జ్ అతుక్కుని ఉండి, చీలిక లేకపోతే షాపు వాదన సగం పోయినట్టే. ఆ ఫోన్ మార్చకండి, చాట్ చెరపకండి. భారతీయ సాక్ష్య అధినియమ్ (సాక్ష్యాల చట్టం) 63వ సెక్షన్ ప్రకారం ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి జతచేసే సర్టిఫికెట్‌తో దాన్ని దాఖలు చేయాలి. "కొత్త స్టీల్ స్ట్రింగ్స్ వేశాను" అని షాపాయన పెట్టిన మెసేజ్ కూడా అంతే ముఖ్యం. ఫోన్‌పే రశీదుతో మీరు డబ్బిచ్చి సేవ కొన్నారని తేలుతుంది. ఊరికే చేసిపెట్టిన పనైతే మీరు వినియోగదారు కారు.

ఊడిన తీగల్ని చెత్తబుట్టలో వేశానని తాపీగా రాశారు! అవే అసలు సాక్ష్యం. పైగా అలాంటి తీగలే కొని, బిగించి ఫొటో తీద్దామంటున్నారట మీ బావగారు. ఆ పని కలలో కూడా చేయకండి. కేసు కోసం సాక్ష్యం తయారుచేస్తే భారతీయ న్యాయసంహిత (శిక్షల చట్టం) 229వ సెక్షన్ కింద ఏడేళ్ల దాకా జైలు పడొచ్చు. షాపాయన బయట తిరుగుతాడు, మీరు బెయిలు కోసం తిరుగుతారు.

ఫిర్యాదు వేయడానికి గడువు రెండేళ్లే, వినియోగదారుల రక్షణ చట్టం 69వ సెక్షన్. బ్రిడ్జ్ ఊడిన రోజు నుంచని మనం వాదించొచ్చు, కానీ ఆ వాదన మీద ఆధారపడొద్దు. తెచ్చుకున్న తేదీ నుంచే లెక్కపెట్టుకుని 2026 నవంబర్ 7లోగా దాఖలు చేయండి. ఆయన "చూద్దాం" అన్నా, మీరు నోటీసిచ్చినా గడియారం ఆగదు.

విశాఖ వెళ్లక్కర్లేదు. మీరుండే జిల్లాలోనే, అంటే శ్రీకాకుళం కమిషన్‌లోనే వేయొచ్చు, వినియోగదారుల కమిషన్ల పోర్టల్ ఈ-జాగృతిలో ఆన్‌లైన్‌గానైనా సరే. 1,800కి ఫీజు కూడా లేదు. ముందుగా గిటార్లు బాగుచేసే మనిషి దగ్గర, నైలాన్ వాయిద్యం స్టీల్ తీగల లాగుడు తట్టుకోదని అఫిడవిట్ తీసుకోండి. బొబ్బిలి వీణలవాళ్లకి కర్ర బాగా తెలుసు గానీ, "ఎప్పుడైనా ఉకులేలే పట్టుకున్నావా?" అని అవతలివాడు అడిగితే మనం చిక్కుల్లో పడతాం. మనోవేదనకి పరిహారం అడగండి, ఇవ్వడమనేది కమిషన్ ఇష్టం.

బ్రిడ్జ్‌ని ఫెవికాల్‌తో అతికించకండి. ఉన్నదున్నట్టు గుడ్డలో చుట్టి బీరువాలో పెట్టండి. మళ్లీ అటక మీద మాత్రం పెట్టకండి.