ఓడ ఆగేది తొమ్మిది గంటలు, మన చేతికొచ్చేది ఎన్ని?

ప్రశ్న: మా అబ్బాయి సింగపూర్‌లో ఉంటాడు. సంక్రాంతికి మమ్మల్ని అక్కడికి రమ్మని, అట్నుంచి పెనాంగ్, ఫుకెట్ దీవులు తిప్పే క్రూయిజ్ ఎక్కిస్తానంటున్నాడు. ప్యాకేజీ కాగితంలో ఫుకెట్ ఉదయం 9 నుంచి సాయంత్రం 6 అని ఉంది. అంత డబ్బు పెట్టి వెళ్తే దీవికి ఒక్క పగలేనా? రెండు రోజులు ఎందుకు ఆపరు? ఆ తొమ్మిది గంటల్లో ఏం చూడగలం? మా ఆయనకు మోకాళ్ల నొప్పులు కూడా. (ఒక పాఠకురాలు, తిరుపతి)

జవాబు: అమ్మా, ముందు ఒక మాట. ఆ తొమ్మిది గంటలు ఓడవి, మీవి కావు. మీ చేతికొచ్చేవి ఎన్నో తెలియాలంటే గంటలు కాదు, ఓడ ఎక్కడ ఆగుతుందో చూడాలి. నన్ను అడిగే చాలామంది ఎన్ని దీవులు, ఎన్ని గంటలు అని అడుగుతారు గానీ రేవులో కడతారా, సముద్రంలోనే లంగరు వేస్తారా అని అడగరు. అసలు తేడా అక్కడే ఉంది.

మలేసియాలోని పెనాంగ్‌లో ఓడ స్వెటెన్‌హామ్ రేవుకు ఆనుకుని నిలబడుతుంది. నిచ్చెన దిగితే జార్జ్‌టౌన్ ఊళ్లోనే ఉన్నట్టు. అక్కడి లిటిల్ ఇండియా దాకా నడిచి వెళ్లొచ్చు, క్వీన్ వీధిలో 1833 నాటి మహామారియమ్మన్ గుడి ఉంది, పూల కొట్లు, టిఫిన్ సెంటర్లు మన ఊరి బజారులాగే ఉంటాయి. మీ ఆయన అలిసిపోతే ఓడకు వచ్చి భోంచేసి, కాసేపు పడుకుని మళ్లీ దిగొచ్చు.

థాయిలాండ్‌లోని ఫుకెట్‌లో పెద్ద ఓడలు చాలావరకు పటాంగ్ బీచ్ ఎదురుగా నీళ్లలోనే ఆగుతాయి. అక్కడి నుంచి చిన్న బోట్లలో ఒడ్డుకు చేరుస్తారు, వాటిని టెండర్ అంటారు. తొమ్మిదికి లంగరు పడ్డాక స్థానిక అధికారుల పని అవ్వాలి, ముందు ఓడవాళ్ల టూర్లు కొన్నవాళ్లను పంపిస్తారు, ఆ తర్వాత నంబరు ప్రకారం మనం. కాలు ఇసుక మీద పెట్టేసరికి పదిన్నర అయినా ఆశ్చర్యం లేదు. ఆరింటికి ఓడ కదులుతుందంటే ఆఖరి టెండర్ అంతకు గంటో గంటన్నరో ముందే వెళ్లిపోతుంది, ఆ చివరి గంటలో క్యూ కూడా పెద్దది. అంటే తొమ్మిది కాస్తా ఆరు అయింది. అందులో భోజనం, టాక్సీ బేరం, కొండ దాటి పాత ఫుకెట్ టౌన్‌కు రానుపోను తీసేస్తే ఒక్క చోటు నింపాదిగా చూడగలరు. ఒక్కటే పెట్టుకోండి.

మన ఊరికి చెన్నై నుంచి పొద్దున్నే బస్సులో వచ్చి రాత్రికి వెళ్లిపోయే ప్యాకేజీ వాళ్లను రోజూ చూస్తుంటాం కదా. కొండ మీద దర్శనం, తిరుచానూరులో అమ్మవారు, అంతే. చంద్రగిరి కోట చూడలేదని వాళ్లు బాధపడరు, ఎందుకంటే ఏ పని మీద వచ్చారో వాళ్లకు ముందే తెలుసు. దీవిలో కూడా అలాగే దిగాలి.

ఇంకో సంగతి చాలా ముఖ్యం, నాకు అనుభవం కాబట్టి చెబుతున్నా. థాయిలాండ్ గడియారం సింగపూర్ కంటే గంట వెనక. ఫోను ఒడ్డు సిగ్నల్ తగలగానే దానంతటదే స్థానిక టైంకు మారిపోతుంది, ఓడ మాత్రం చాలాసార్లు సింగపూర్ టైం మీదే నడుస్తుంది. మూడేళ్ల కిందట పటాంగ్ బీచ్‌లో కొబ్బరి బొండాం తాగుతూ ఫోను చూసుకుంటే మూడుంపావు. ఇంకా గంటంపావు ఉందిలే అన్నాను. మా ఆవిడ తన చేతివాచీ నా ముఖం ముందు పెట్టింది: నాలుగుంపావు. దాన్ని ఓడలోనే సరిచేసి పెట్టుకుంది, తను దిగేముందు చెప్పినా నేను వినిపించుకోలేదు. ఆఖరి టెండర్ నాలుగున్నరకు. చెప్పులు చేత్తో పట్టుకుని తడి ఇసుకలో పరుగెత్తాం, తాడు విప్పుతుండగా ఎక్కాం. ఆ టెన్షన్ మీకొద్దు. ముళ్ల వాచీ ఒకటి పెట్టుకుని, ఓడ టైంకు తిప్పి, దాన్నే నమ్మండి.

రెండు రోజులు ఎందుకు ఆపరంటారా. ఓడ మీకు హోటలూ బస్సూ కలిపి ఒకటే, రాత్రి మీరు నిద్రపోతుండగా ప్రయాణం చేస్తేనే పొద్దుటికి ఇంకో దీవి వస్తుంది. రేవులో నిలిపిన కాలానికి అద్దె పడుతుంది, వెనక ఇంకో ఓడ ఆ స్థలం కోసం వస్తుంటుంది. పైగా చాలా దేశాల్లో ఓడ రేవులో ఉన్నంతసేపు క్యాసినో, పన్నులేని షాపులు మూసెయ్యాలి. ఆదాయం సముద్రం మీదే వస్తుంది కాబట్టి వాళ్లకు కదలడమే లాభం. అందుకే కరీబియన్ దీవుల్లోనూ ఎనిమిది నుంచి పది గంటలే ఎక్కువగా కనిపిస్తుంది. అలాగని ఎక్కడా ఆపరని కాదు. బెర్ముడాకు వెళ్లే ఓడలు రేవులోనే రాత్రిళ్లు ఉంటాయి, హవాయి దీవుల చుట్టూ ఏడు రాత్రులు తిరిగే ఓడ మావీలోనూ కవాయిలోనూ రాత్రి ఆగుతుంది. దీవులు దగ్గరదగ్గరగా ఉంటే, లేదా వెళ్లేది ఒక్క దీవికే అయితే, అలా కుదురుతుంది.

మోకాళ్ల విషయం: టెండర్ ఊగుతున్నప్పుడు ఓడ సిబ్బంది రెండు చేతులూ పట్టుకుని దింపుతారు, వాళ్లు ‘ఇప్పుడు’ అన్నాకే అడుగు వెయ్యాలి. గ్రీసులో శాంటొరీని లాంటి చోట ఇంకా కష్టం, టెండర్ దిగాక ఊరు కొండ కొసన ఉంటుంది, కేబుల్ కారు క్యూలో నిలబడాలి, లేదంటే దాదాపు 600 మెట్లు. అలిపిరి నుంచి 3,550 మెట్లు ఎక్కే ఊరివాళ్లం, మెట్లంటే భయం లేదు, కానీ ఆ ఎక్కే దిగే టైం కూడా మీ గంటల్లోంచే పోతుంది.

ప్రశ్న: ఓడవాళ్ల టూరు ధర చూస్తే గుండె గుభేలుమంది. బయట టాక్సీ మాట్లాడుకుంటే సగానికి వస్తుందట. ఆలస్యమైతే మనకోసం పది నిమిషాలు ఆగరా? (చిత్తూరు)

జవాబు: ఆగరు. ఓడవాళ్ల టూరులో వెళ్లి ఆలస్యమైతే ఆగుతారు, లేదా తర్వాతి రేవుకు వాళ్లే చేరుస్తారు. సొంతంగా వెళ్తే ఆ బాధ్యత మీదే. 2024 మార్చిలో ఆఫ్రికా పక్కన సావో టోమే దీవిలో ప్రైవేటు టూరుకు వెళ్లిన ఎనిమిది మంది టైంకు రాలేదని ఓడ వెళ్లిపోయింది, వాళ్లు దేశాలు మారుకుంటూ సెనెగల్ దాకా వెళ్లి దాన్ని అందుకోవాల్సొచ్చింది. కాబట్టి రేవు పక్కనే ఊరుంటే ఓడ టూరు అక్కర్లేదు, నడవండి, ఆటోనో టాక్సీనో మాట్లాడుకోండి. గంటకు మించి దూరం వెళ్లాలంటే ఆ డబ్బు పెట్టండి. రోజూ గదిలోకి వచ్చే కార్యక్రమాల కాగితంలో అందరూ ఎక్కాల్సిన టైం, రేవు ఏజెంటు నంబరు ఉంటాయి, దిగేముందు ఫోటో తీసుకోండి. ఎక్కాల్సిన టైం వేరు, బయల్దేరే టైం వేరు. అరగంటైనా తేడా ఉంటుంది.

ప్రశ్న: సింగపూర్ దాకా ఎందుకు, మన చెన్నై నుంచే శ్రీలంకకు ఓడ ఉందన్నారు. నిజమేనా? (శ్రీకాళహస్తి)

జవాబు: 2023 జూన్‌లో చెన్నై నుంచి మొదలైంది, హంబన్‌తోట, ట్రింకోమలీ, కంకేశన్‌తురై రేవులకు. సీజన్‌ను బట్టి షెడ్యూలు మారుతుంది, ఇప్పుడు నడుస్తోందో లేదో కనుక్కుని బుక్ చేసుకోండి. చెన్నై నుంచి ట్రింకోమలీ సముద్రం మీద సుమారు 500 కిలోమీటర్లు. ఓడ గంటకు 33 కిలోమీటర్ల లెక్కన పోతే పదిహేను గంటలు. ట్రింకోమలీలో కోణేశ్వరం గుడి ఊరికి దగ్గరలోనే, సముద్రం మీదికి పొడుచుకొచ్చిన కొండ మీద ఉంది. కాళహస్తి వాళ్లకు ఇంకో శివక్షేత్రం, తప్పక వెళ్లండి. శ్రీలంక టైం మన టైం ఒకటే, ఫోను గొడవ లేదు.

ప్రశ్న: అలలు ఎక్కువగా ఉన్నాయని దీవి దగ్గర ఓడ ఆపకుండా వెళ్లిపోతే డబ్బు తిరిగిస్తారా? (తిరుపతి)

జవాబు: టికెట్ డబ్బు ఇవ్వరు. ఆపాలా వద్దా అన్నది కెప్టెన్ ఇష్టమని ఒప్పందంలోనే రాసి ఉంటుంది. ఆ రేవు పన్నులు, ఓడవాళ్ల దగ్గర కొన్న టూరు డబ్బు మాత్రం మామూలుగా వెనక్కి వస్తాయి. టెండర్ వేసే చోట్లే ఎక్కువగా రద్దవుతాయి. బంగాళాఖాతం మీద నవంబరు, డిసెంబరుల్లో జాగ్రత్త. 2021 నవంబరులో తిరుపతి వీధులు ఏరులైంది అదే సీజన్లో. ఫుకెట్ పడమటి ఒడ్డుకు మే నుంచి అక్టోబరు దాకా పెద్ద అలలు. పైన అడిగిన అమ్మకు ఆ దిగులు లేదు, సంక్రాంతి నాటికి అటు సముద్రం మామూలుగా నెమ్మదిగానే ఉంటుంది.