ధర్మాబాద్‌లో, సిరొంచలో కాసినో పెట్టొచ్చా?

పెట్టకూడదు, ఆ ఊళ్లున్న మహారాష్ట్రలో ఎక్కడా కాసినోకు అనుమతి లేదు.

"అక్కడ కాసినో చట్టం ఉందట" అన్న మాట మాత్రం ఊరికే పుట్టలేదు. కాసినోల నియంత్రణ, పన్నుల చట్టం 1976లోనే చేశారు. కానీ ఒక్కరోజు కూడా అమల్లోకి తేలేదు, 2023లో రద్దే చేసేశారు. జూదం రాష్ట్రాల చేతిలో ఉన్న విషయం. మహారాష్ట్రలో నడిచేది 1887 నాటి జూద నిరోధక చట్టమే.

ఉదాహరణకు, లాడ్జి గదిలో దుప్పటి పరిచి మూడు ముక్కలాట ఆడించి, ప్రతి ఆటకూ పందెం డబ్బులోంచి కొంత తీసుకునే యజమాని మీదే కాదు, కూర్చుని ఆడినవాళ్ల మీదా కేసవుతుంది.

బాసర దాటి మహారాష్ట్రలోకి వెళ్తే పేకాటకు అడ్డు లేదనుకోవడం పెద్ద పొరపాటు. రమ్మీలో నైపుణ్యం ఉందని 1968లో సుప్రీంకోర్టు చెప్పింది నిజమే. అదే తీర్పు మూడు ముక్కలాటను పూర్తిగా అదృష్టం మీద నడిచేదని వేరు చేసింది. ఈ రెండో మాట ఎవరూ చెప్పరు, నష్టపోయేది అక్కడే.

కాసినో వస్తే ఊరు బాగుపడుతుందనేవాళ్లు గోవాను చూడాలి. అక్కడ అనుమతి ఉంది, అయినా స్థానికులు కాసినోల్లో ఆడకుండా 2020 ఫిబ్రవరి నుంచి ఆ ప్రభుత్వమే నిషేధం పెట్టింది.