క్లాసులో చేతులు వణుకుతున్నాయి... మానేయాలా?

ప్రశ్న: నా వయసు 47. మాది విశాఖపట్నం, ఎంవీపీ కాలనీ. ఆరేళ్లుగా షుగర్ ఉంది. మెట్‌ఫార్మిన్, గ్లిమిపిరైడ్ కలిసిన మాత్ర ఉదయం లేవగానే వేసుకుంటాను. ఈ మధ్యే ఇంటి దగ్గర జుంబా క్లాసులో చేరాను. ఉదయం 6 గంటలకు మొదలవుతుంది. ఖాళీ కడుపుతో చేస్తే కొవ్వు బాగా కరుగుతుందని తోటివారు చెప్పడంతో ఏమీ తినకుండానే వెళ్తున్నాను. సగం క్లాసు అయ్యేసరికి చెమటలు, చేతుల్లో వణుకు, కళ్లు తిరగడం. మోకాళ్లూ నొప్పి పెడుతున్నాయి. అందరితో సమానంగా చేయలేక సిగ్గుగా ఉంది. ఇది మానేసి నడకతో సరిపెట్టుకోవాలా?
- ఓ పాఠకురాలు

జవాబు: మానేయవద్దు. కానీ మాత్ర వేసుకుని ఖాళీ కడుపుతో క్లాసుకు వెళ్లడం మాత్రం రేపటి నుంచే ఆపండి.

మీరు చెప్పిన వణుకు, కళ్లు తిరగడం చేతకానితనం కాదు. రక్తంలో చక్కెర పడిపోతున్నప్పుడు కనిపించే లక్షణాలవి. గ్లిమిపిరైడ్ క్లోమగ్రంథి నుంచి ఇన్సులిన్‌ను ఎక్కువగా విడుదల చేయిస్తుంది. మీరు తిన్నా తినకపోయినా దాని పని అది చేసుకుపోతుంది. మరోపక్క వ్యాయామంలో కండరాలు రక్తంలోని గ్లూకోజును వేగంగా వాడేసుకుంటాయి. రాత్రి ఎప్పుడో తిన్న శరీరం ఈ రెండింటినీ ఒకేసారి తట్టుకోవడం కష్టం. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడేవారికి ఈ ఇబ్బంది అరుదు. కాబట్టి మీ పక్కనున్నావిడ ఏమీ తినకుండా హాయిగా చేస్తున్నారంటే అది మీకు కొలమానం కాదు.

మన ఊళ్లో ఇంకో చిక్కు కూడా ఉంది. సముద్రపు తేమ వల్ల ఇక్కడ తెల్లవారుజామునే చెమట పడుతుంది, ఒక పట్టాన ఆరదు. షుగర్ పడిపోయి పట్టిన చెమటను కూడా ఉక్కపోతే అనుకుని ఊరుకుంటాం. చెమటతో పాటు వణుకు, ఉన్నట్టుండి ఆకలి, గుండె దడ, చిరాకు ఉంటే వెంటనే ఆగి గ్లూకోమీటరుతో చూసుకోండి. 70 కంటే తక్కువ ఉంటే మూడు నాలుగు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగి, 15 నిమిషాల తర్వాత మళ్లీ చూడాలి. మీటరు లేకపోయినా అనుమానం వస్తే చక్కెర తీసుకోవడమే క్షేమం. బిస్కెట్లు, జీడిపప్పు అంత త్వరగా పనిచేయవు. క్లాసుకు ముందు 100 లోపు ఉంటే ఒక అరటిపండు తిని వెళ్లండి. గ్లిమిపిరైడ్ ఆహారంతో పాటు తీసుకోవాల్సిన మందు. దాన్ని క్లాసు తర్వాత టిఫినుకు మార్చడం, అవసరమైతే మోతాదు తగ్గించడం గురించి ఈ వారమే మీ డాక్టరుతో మాట్లాడండి. సొంతంగా మానేయకండి.

ఇక సిగ్గు సంగతి. 2025 జూన్ 21న యోగా దినోత్సవానికి ఆర్కే బీచ్ నుంచి భోగాపురం దాకా లక్షల మంది ఒకేసారి ఆసనాలు వేశారు. పదిమందితో కలిస్తే ఒళ్లు దానంతటదే కదులుతుందని విశాఖవాసులకు నేను కొత్తగా చెప్పనక్కర్లేదు. గుంపు ఇచ్చే ఆ ఉత్సాహాన్ని వదులుకోకండి, దాని వేగాన్ని మాత్రం అరువు తెచ్చుకోకండి. చేస్తున్నప్పుడు పక్కవారితో రెండు ముక్కలు మాట్లాడగలిగి, పాట మాత్రం పాడలేకపోతే ఆ వేగం మీకు సరైనది. మాట కూడా రావడం లేదంటే తగ్గించండి. మీకు షుగర్ ఉందని, ఏ మందు వాడుతున్నారో, మోకాళ్ల నొప్పి ఉందని శిక్షకురాలికి ముందే చెప్పండి. ఇది దాచుకోవాల్సిన విషయం కాదు. చెబితేనే ఆమె మీకు తగ్గట్టు కదలికలు మార్చగలరు. శిక్షకురాలి కాళ్లు స్పష్టంగా కనిపించే చోట నిలబడండి. వెనక వరుసలో దాక్కుంటే తప్పు అడుగులే అలవాటవుతాయి.

మోకాళ్ల కోసం ప్రస్తుతానికి గెంతులు వదిలేసి అదే పాటకు అడుగులు పక్కకు వేయండి. గుంజీలు సగం వరకే చాలు. టైల్స్ మీద ఉత్త కాళ్లతో చేయవద్దు. మెత్తటి అడుగున్న బూట్లు వేసుకుని, ఇంటికి వచ్చాక పాదాలకు బొబ్బలు ఉన్నాయేమో చూసుకోండి. మొదట్లో తొడలు, పిక్కలు రెండు మూడు రోజులు నొప్పిగా ఉండటం సహజం. కీలు వాచినా, మూత్రం ముదురు గోధుమ రంగులో వచ్చినా ఆసుపత్రికి వెళ్లాలి.

వారానికి మొత్తం 150 నిమిషాలు లక్ష్యంగా పెట్టుకోండి. వరసగా రెండు రోజులకు మించి విరామం వద్దు. జుంబా గుండెకు మంచిదే కానీ కండరాలకు అదొక్కటే చాలదు. వారంలో రెండు రోజులు చిన్న డంబెల్స్‌తోనో, సాగే బ్యాండుతోనో వ్యాయామం చేయించమని అడగండి. మీరు చెప్పిన నడక మిగతా రోజులకు బాగుంటుంది. పాట ఆగగానే కూలబడకుండా ఐదు నిమిషాలు మెల్లగా నడవండి.

ఛాతీలో బరువుగా ఉన్నా, దవడకో ఎడమ చేతికో నొప్పి పాకినా అక్కడే ఆగి 108కి ఫోను చేయించండి.

ఏడాది లోపు రెటీనా పరీక్ష చేయించుకోకపోతే అదీ ఇప్పుడే చేయించుకోండి. షుగర్ వల్ల కంటి వెనక బలహీనమైన కొత్త రక్తనాళాలు పుట్టినవారికి గెంతులు, తల కిందికి వంచే భంగిమలు ప్రమాదకరం. కంటి డాక్టరు సరేనన్నాకే, మోకాళ్లు కుదుటపడితే, గెంతడం మొదలుపెట్టండి.