పికప్ వెనక వేసిన సైకిళ్లు దారిలో ఆగినప్పుడు పోకుండా ఉండాలంటే?

తాడు, బెల్టు సైకిల్ కదలకుండా పట్టుకుంటాయి, అంతే. దొంగని ఆపేది తాళమే, అది కూడా బండికి ఉన్న ఏ రింగుకి వేశారో ఆ రింగు ఎంత గట్టిదైతే అంత. ముందు దాన్నే చూడండి. స్క్రూలతో బిగించిన రింగుని చిన్న పానాతో విప్పేస్తారు. బండి చాసిస్‌కి వెల్డింగ్ చేసిన రింగు గానీ, తొట్టి కింద మందపాటి ప్లేటు వేసి నట్టు బిగించిన ఐ-బోల్టు (తల రింగులా ఉండే బోల్టు) గానీ కావాలి.

సన్నని కేబుల్ తాళం వద్దు, చేతి కట్టర్‌కే తెగిపోతుంది. కనీసం 10 మి.మీ. మందమున్న గట్టిపరచిన ఉక్కు గొలుసు తీసుకోండి. దాన్ని రింగులోంచి, ఫ్రేమ్ త్రికోణంలోంచి, వెనక చక్రంలోంచి పోనిచ్చి తాళం వేయాలి. చక్రానికి మాత్రమే వేస్తే చక్రం వదిలేసి మిగతాదంతా పట్టుకుపోతారు. గొలుసు వదులుగా ఉండకూడదు. సందు దొరికితే రాడ్డు దూర్చి మెలిపెడతారు. క్విక్ రిలీజ్ (పానా లేకుండా చేత్తోనే విప్పే లివర్) ఉన్న ముందు చక్రాన్ని ఊడదీసి క్యాబిన్‌లో పెట్టుకోండి.

రెండు సైకిళ్లుంటే ఒకదాని హ్యాండిల్ రెండోదాని సీటు వైపు వచ్చేలా పెట్టి, ఒకే గొలుసుతో కలపండి. టిఫిన్‌కి ఆగినప్పుడు వెనక డోర్ గోడకి ఆనేంత దగ్గరగా బండి నిలపండి. రాత్రికి మాత్రం ఎన్ని తాళాలున్నా సైకిళ్లు గదిలోకి చేర్చాల్సిందే. సాధారణంగా రెండు పెడళ్ల మధ్య ఇరుసు ఉండే చోట, ఫ్రేమ్ అడుగున ఉండే ఫ్రేమ్ నంబరు ఫొటో తీసి ఉంచుకోండి, ఫిర్యాదులో అది రాయాలి.