రిటైరైన ఆర్మీ లాబ్రడార్: బీరువా ముందు కూర్చోవడం, తినకపోవడం, రాత్రి తిరగడం

మీరు అడిగింది ఇదీ: మీరట్ నుంచి దత్తత తెచ్చుకున్న 9 ఏళ్ల ఆడ లాబ్రడార్, బరువు 30 కిలోలు, సర్వీసులో పేలుడు పదార్థాలు పసిగట్టే పని చేసింది. హైదరాబాద్‌లో మీ ఇంటికొచ్చి 10 రోజులైంది. స్టోర్‌రూమ్ బీరువా ముందుకెళ్లి కూర్చుని ఎంత పిలిచినా లేవడం లేదు, పెట్టింది సగమే తింటోంది, రాత్రి రెండింటి నుంచి హాల్లో తిరుగుతోంది. ఇంట్లో ఇప్పటికే మూడేళ్ల దేశవాళీ కుక్క ఉంది.

ముందు బీరువా సంగతి. అది మొండితనం కాదండీ. ఆ పని చేసే కుక్కకు నేర్పేదే అది. వాసన దొరికిన చోట మొరగకూడదు, గోళ్లతో గీరకూడదు, నోట పట్టకూడదు. గీరితే పేలొచ్చు కాబట్టి అక్కడే కూర్చుని, చూపు ఆ చోటు మీదే నిలిపి, హ్యాండ్లర్ (దాన్ని నడిపించే జవాను) వచ్చేదాకా కదలకూడదు. మీ బీరువా తెరిచి చూడండి. పోయిన దీపావళికి మిగిలిన చిచ్చుబుడ్లు, లక్ష్మీబాంబులు ఏ అట్టపెట్టెలోనో ఉండి ఉంటాయి. టపాసుల్లో వాడే తుపాకిమందు అంటే పొటాషియం నైట్రేట్, గంధకం, బొగ్గుపొడి. ఈ కుక్కలకు నేర్పే వాసనల్లో అదొకటి. టపాసులు లేకపోతే మిద్దెతోట సామాన్లు వెతకండి. పూత కోసం వాడే 13-0-45 ఎరువు అచ్చంగా పొటాషియం నైట్రేటే. అగ్గిపెట్టెల కట్టలున్నా అనుమానించాల్సిందే.

కూర్చున్నప్పుడు కాలర్ పట్టి లాగొద్దు, కసరొద్దు. పక్కకెళ్లి నిలబడి, నెమ్మదిగా మెచ్చుకుని, బహుమతిగా బంతి నోటికందించి, లీష్ వేసి బయటికి నడిపించండి. తర్వాత ఆ సరుకు ఇంట్లోంచి తీసేసి, బీరువా అరను సబ్బునీళ్లతో తుడిచి, దాని తలుపు రెండు రోజులు తెరిచి ఉంచండి. ఎంత వెతికినా ఏమీ దొరకలేదనుకోండి, అప్పుడు బంతి ఇవ్వకండి. కోప్పడకుండా, పని అయిపోయిందని చెప్పే మాట ఒకటి అని తీసుకెళ్లిపోండి. ఏమీ లేనిచోట కూర్చున్నా బంతి వస్తే, నాలుగు రోజుల్లో ఇంట్లో ప్రతి అలమరా ముందూ కూర్చుంటుంది.

మీ మూడు ఇబ్బందుల వెనకా చాలావరకు ఒకటే ఉంది. దాని డ్యూటీ అయిపోయిందని దానికి ఎవరూ చెప్పలేదు. చెప్పేది మాటలతో కాదు, రోజు గడిచే తీరుతో. సైనిక కెనెల్‌లో (కుక్కల్ని ఉంచే చోట) రోజంతా గంట కొట్టినట్టు నడుస్తుంది: బయటికి తీసుకెళ్లడం, దువ్వడం, ఒళ్లంతా చూడడం, సాధన, విశ్రాంతి, తిండి. అన్నీ ఒకే మనిషి చేతి మీదుగా, దాదాపు ఒకే వేళకు. మన ఇళ్లలో నలుగురు నాలుగుసార్లు పిలిచి, ఎవరికి తోచినప్పుడు వాళ్లు బిస్కెట్ పెడతారు. ప్రేమకు లోటు లేదు గానీ, తర్వాత ఏం జరుగుతుందో దానికి తెలియడం లేదు.

మొదటి 6 వారాలు తిండి, నడక, దువ్వడం ఒక్కరే చూడండి. ఉదయం ఐదింపావుకల్లా మట్టి మీదకో గడ్డి మీదకో, రోజూ అదే చోటికి. అరగంట నడక. తిరిగొచ్చాక 15 నిమిషాలు దువ్వడం, చూడడం. ఏడున్నరకు తిండి, అంటే నడకకూ తిండికీ మధ్య కనీసం గంట. సాయంత్రం ఎండ తగ్గాక మళ్లీ అదే వరస. ఆదేశాలు హిందీవో ఇంగ్లీషువో, ఏ చేతి సైగతో కలిపి నేర్పారో యూనిట్ నుంచి రాయించుకుని ఇంట్లో అందరూ ఆ మాటలే వాడండి. మొదటి రోజే తెలుగు నేర్పాలని చూడొద్దు.

మామూలు పెంపుడు కుక్కలున్నవాళ్లు కూడా సైన్యం నుంచి నేర్చుకోవాల్సిన పని ఒకటుంది, అది రోజూ చేతితో ఒళ్లంతా తడమడం. ముందు వెంట్రుకలకు ఎదురుగా దువ్వితే దుమ్ము, చుండు పైకి తేలుతాయి. తర్వాత వాలుగా దువ్వి, తడిబట్టతో తుడవండి. అప్పుడు ముక్కు నుంచి తోకదాకా రండి. పెదవి ఎత్తి చిగురు చూడండి. గులాబీ రంగులో ఉండాలి. వేలితో నొక్కి వదిలితే తెల్లబడిన చోటికి రెండు సెకన్లలోపు రంగు తిరిగి రావాలి. కోరపళ్ల వెనక వైపు చూడండి. కెనెల్ జాలీ కొరికే అలవాటున్న కుక్కలకు అక్కడ పన్ను అరిగి సన్నబడుతుంది. అలాంటి పన్ను గట్టి ఎముక కొరికితే విరుగుతుంది. చెవి తిప్పి వాసన చూడండి. పుల్లటి వాసన, గోధుమరంగు జిగురు ఉంటే డాక్టర్‌కు చూపించాలి. లాబ్రడార్ చెవి వాలి ఉంటుంది, లోపల తడి ఆరదు.

తర్వాత పక్కటెముకలు. మీ అరచేతిని కిందికి తిప్పి, చేతి వెనక భాగాన్ని రెండో చేతి వేళ్లతో తడమండి. కుక్క పక్కటెముకలు అలా తగిలితే బరువు సరిగ్గా ఉన్నట్టు. పిడికిలి బిగించి కణుపుల మీద రాస్తే తగిలినట్టుంటే బక్కచిక్కింది. అరచేతి మెత్త మీద రాసినట్టుంటే కొవ్వు పట్టింది. తూకం కంటే ముందు ఈ చేయే చెబుతుంది.

కాలివేళ్ల సందులు, చెవి మడతలు, కాలర్ కింద, చంకలు, గజ్జలు, తోక మొదలు, ఇవన్నీ గోమార్లు దాక్కునే చోట్లు (కొన్ని ఊళ్లలో పిడుదులంటారు). ఈ విషయంలో మాత్రం ఒక్క రోజు కూడా వదలొద్దు. మన దగ్గర కుక్కల మీద ఉండే గోధుమరంగు గోమారి ఎర్లీకియా అనే జ్వరాన్ని అంటిస్తుంది. బబీసియా అనే మరో జబ్బు కూడా గోమారి వల్లే. ట్వీజర్‌తో తల దగ్గర, చర్మానికి ఆనించి పట్టి, తిప్పకుండా నేరుగా లాగి స్పిరిట్‌లో వేయండి. వేళ్లతో చిదమొద్దు, కిరోసిన్ పూయొద్దు, అగ్గిపుల్ల పెట్టొద్దు. ఎన్ని తీసినా మళ్లీ వస్తున్నాయంటే కారణం గోడలో ఉంది. ఆడ గోమారి కడుపునిండా తాగాక రాలిపోయి, గోడ పగుళ్లలో, తలుపు ఫ్రేముల సందుల్లో వేల గుడ్లు పెడుతుంది. పిల్లలు పైకి పాకుతాయి, తిండి లేకుండా నెలల తరబడి బతుకుతాయి. అందుకే ఒంటికి మందు, ఇంటికి మందు రెండూ కావాలి. పగుళ్లు సిమెంటుతో పూడ్చండి, పరుపు ఎండలో వేయండి. ఒంటికి ఫ్లూరలనర్ బిళ్ళ 12 వారాలు, అఫోక్సొలనర్ బిళ్ళ నెల రోజులు పనిచేస్తాయి. ఎప్పుడైనా ఫిట్స్ వచ్చిన కుక్కయితే ఇచ్చే ముందే డాక్టర్‌కు చెప్పండి.

ఇక తినకపోవడం. చోటు మారిన కుక్క ఒకటి రెండు రోజులు ముద్ద ముట్టకపోవడం మామూలే. పది రోజులు సగమే తినడం మాత్రం మామూలు కాదు. సరిహద్దుల్లో పనిచేసి వచ్చిన కుక్కకు పాత గోమారి జ్వరం లోపల నిద్రపోతూ ఉండొచ్చు. రేపే సీబీసీ (రక్తకణాల లెక్క పరీక్ష) చేయించి ప్లేట్‌లెట్లు, హిమోగ్లోబిన్ చూడండి. రక్తపు స్మియర్ (గాజు పలక మీద రక్తం పూసి చూసేది), వీలైతే పీసీఆర్ (క్రిమి జన్యుపదార్థాన్ని పట్టేది) అడగండి. పది నిమిషాల కిట్ ఒక్కదాన్నే నమ్మొద్దు. అది చూపేది యాంటీబాడీ, జబ్బు నయమయ్యాక కూడా నెలల తరబడి పాజిటివ్ చూపుతుంది. ఎర్లీకియా అని తేలితే డాక్సీసైక్లిన్ కోర్సు సాధారణంగా 28 రోజులు. నాలుగో రోజుకే హుషారొచ్చిందని ఆపేస్తే తిరగబెడుతుంది. ఆ బిళ్ళ తిండితో పెట్టి, వెంటనే కాస్త నీళ్లు పట్టించాలి. గొంతు గొట్టంలో ఇరుక్కుంటే పుండు చేస్తుంది.

రక్తం బాగుంటే తిండి సర్దుదాం. యూనిట్‌లో ఏది పెట్టారో కనుక్కుని మొదటి వారం అదే పెట్టండి. తర్వాత రెండు మూడు రోజులకోసారి పాతిక శాతం చొప్పున మార్చండి. గిన్నె 15 నిమిషాలు ఉంచి తీసేయండి, మధ్యలో ఏమీ పెట్టొద్దు. పని మానేసిన 30 కిలోల కుక్కకు రోజుకు 1,100 నుంచి 1,200 కేలరీలు చాలు. ఇంట్లో వండేట్టయితే రోజు మొత్తానికి 250 గ్రాముల ఉడికించిన ఎముకల్లేని చికెన్, 350 గ్రాముల అన్నం (వండాక తూచింది), రెండు ఉడికిన గుడ్లు, 150 గ్రాముల గుమ్మడికాయో క్యారెట్టో బీన్సో, ఒక టీస్పూను నూనె. ఉప్పు, కారం, పోపు వద్దు. దీన్ని రెండు పూటలుగా పెట్టండి. ఈ లెక్కలో కేలరీలు, మాంసకృత్తులు సరిపోతాయి గానీ కాల్షియం, జింకు, అయోడిన్ చాలవు. అర టీస్పూను మెత్తటి గుడ్డుపెంకు పొడి కాల్షియం కొంత తీరుస్తుంది, మిగతావాటికి డాక్టర్ రాసే సప్లిమెంట్ కావాలి. పెరుగన్నం మీదే కుక్కల్ని పెంచే ఇళ్లు మనవైపు ఎన్నో. కడుపు నిండుతుంది, కండ కరిగిపోతుంది, ముసలితనంలో వెనక కాళ్లు ముందుగా పడిపోతాయి. దయచేసి అది మానండి.

ఉల్లి, వెల్లుల్లి, కిస్‌మిస్, చాక్లెట్, షుగర్‌ఫ్రీ చూయింగ్‌గమ్ విషం. 30 కిలోల కుక్కకు 150 గ్రాముల ఉల్లిపాయ రక్తకణాల్ని దెబ్బతీయడానికి చాలు. మిగిలిపోయిన బిర్యానీ మసాలా పెడితే ఉల్లి ఎంత వెళ్లిందో లెక్క తెలియదు. వేసవిలో లాబ్రడార్ మామిడి టెంక మింగితే పేగులో అడ్డం పడొచ్చు, అప్పుడు ఆపరేషనే దారి. మనుషుల నొప్పి బిళ్ళలు, అంటే పారాసెటమాల్, ఐబుప్రొఫెన్, డైక్లోఫినాక్, ఒక్కటి కూడా వేయకండి.

దానికి పని కావాలి. రోజుకు రెండుసార్లు, పది నిమిషాలు మించకుండా వెతుకులాట ఆడించండి. మూడు అట్టపెట్టెలు వరసగా పెట్టి ఒకదాంట్లో బంతి దాచండి. వెతకమనే మాట దానికి తెలిసిందే వాడండి. దొరికాక ఒక నిమిషం బంతితో ఆడించి తీసేసుకోండి. ఆ బంతి దాని జీతం. ఇంట్లో నేల మీద పడి ఉంటే విలువ పోతుంది. టెన్నిస్ బంతి వద్దు, దాని నూగు పళ్లను అరగదీస్తుంది. నోట్లో మొత్తం పట్టనంత పెద్ద రబ్బరు బంతి, తాడున్నదైతే మేలు. బిస్కెట్లు దాచి ఆడితే వంటింటి అరలు వెతకడం మొదలుపెడుతుంది. మూడు నాలుగుసార్లు దొరికాక, దొరికిన సారితోనే ఆపి, ముగింపు మాట చెప్పండి. ఎండలో ఆడించొద్దు. ఒగరుస్తున్న కుక్క సరిగా వాసన పట్టలేదు, అప్పుడు తప్పులు చేసి బెంగపడుతుంది.

ఎండ మాట వచ్చింది కాబట్టి, ఏప్రిల్, మే నెలల్లో రోడ్డు మీద మీ చేతి వెనక భాగం 7 సెకన్లు ఆనించండి. మీరు ఉంచలేకపోతే అది నడవలేదు. దాని మామూలు ఒంటి వేడి 101 నుంచి 102.5 ఫారన్‌హీట్. ఆగకుండా ఒగర్చడం, జిగట చొంగ, తూలడం కనిపిస్తే ఆస్పత్రికి బయల్దేరే ముందే నీళ్లు కుమ్మరించి ఫ్యాన్ పెట్టండి. తడిగుడ్డ కప్పి వదిలేయొద్దు, లోపల వేడి ఆగిపోతుంది. 103కి దిగగానే తడపడం ఆపి బయల్దేరండి. విజయవాడ, విశాఖ లాంటి ఉక్కపోత ఊళ్లలో 35 డిగ్రీల సెల్సియస్‌కే ఇది జరుగుతుంది, ఎందుకంటే నాలుక మీద తడి ఆరితేనే దానికి చల్లబడేది.

దేశవాళీ కుక్కతో తొందర వద్దు. రెండింటినీ ఇద్దరు పట్టుకుని, బయట, పదడుగుల ఎడంతో ఒకే దిక్కుగా నడిపించండి. గిన్నెలు, పడక రెండు వారాలు వేర్వేరు గదుల్లో. లాబ్రడార్ నిద్రలో ఉన్నప్పుడు ఇంట్లో పిల్లలు ముట్టుకోకూడదు.

రాత్రి తిరగడానికి రెండు కారణాలు వెతకండి. ఒకటి, ఏళ్ల తరబడి తనదంటూ మూసిన చోట పడుకున్న కుక్కకు మీ హాల్ మైదానంలా ఉంటుంది. ఒక మూల మూడు వైపులా మూసి, కింద మందపాటి ఫోమ్, పైన గోనెపట్టా వేసి, తొమ్మిదిన్నరకు అక్కడికే నడిపించి ముగింపు మాట చెప్పండి. కుక్కర్ విజిల్, మిక్సీ కొత్త చప్పుళ్లే, వంటింటికి దూరంగా ఉన్న మూల చూడండి. రెండు, నొప్పి. మన ఇళ్లలో గ్రానైట్, టైల్స్ మీద కీళ్లరిగిన ముసలి కుక్క వెనక కాళ్లు విడిపోతాయి, పడుకుంటే లేవలేక, లేస్తే పడుకోలేక తిరుగుతుంది. అరికాలి మెత్తల మధ్య వెంట్రుకలు కత్తిరించి, పడక నుంచి నీళ్ల గిన్నెదాకా, తలుపుదాకా రబ్బరు చాపలు పరచండి. తర్వాత నిలబెట్టి, నడుము కింద చేయి ఊతమిచ్చి, వెనక పాదాన్ని మడిచి పైభాగం నేలకు ఆనేలా పెట్టండి. వెంటనే తిప్పి సరిగా పెట్టుకోవాలి. ఆలస్యమైతే, లేదా తోక మొదట్లో నొక్కితే కుంగిపోతే, ఎక్స్‌రే తీయించండి. దూకి దూకి పనిచేసిన కుక్కలకు నడుము చివరి ఎముకల దగ్గర నరం నొక్కుకుపోవడం ఉంటుంది.

ఒకవేళ రాత్రి తిరుగుతూ కడుపు డప్పులా ఉబ్బి, వాంతి రాకుండానే పదే పదే డోకుతుంటే, తెల్లారేదాకా ఆగకండి. జీర్ణాశయం మెలిపడినట్టు. గంటల్లో ప్రాణం పోతుంది, మందుతో తగ్గదు, ఆపరేషన్ చేసే చోటికే నేరుగా తీసుకెళ్లాలి. అమెరికా సైన్యం తన పెద్ద శునకాలకు ముందుగానే ఆ సంచిని పొట్ట గోడకు కుట్టేయిస్తుంది. మీ ఇంటికి దగ్గర్లో రాత్రిపూట ఆపరేషన్ చేసే పశువైద్యశాల ఏదో ఈరోజే కనుక్కుని, ఫోన్ నంబర్ ఫ్రిజ్ మీద అంటించండి.