అమ్మాయి జడ్జి అవుతానంటే మీకు భయం దేనికి?

ప్రశ్న: మాది అచ్చంపేట దగ్గర పల్లె. మా అమ్మాయి ఈ ఏడాది ఇంటర్ పూర్తి చేసింది. లా చదివి జడ్జి అవుతానంటోంది. మూడేళ్ల కిందట మా అన్న కూతురిని అత్తింటివారు కొట్టి పంపితే, పెద్దమనుషుల్లో మాట్లాడి సర్ది పంపించాం. అప్పటి నుంచే ఈ పట్టు. అత్యాచారాలు, కట్నం వేధింపుల కేసులు రోజూ వినే ఉద్యోగం ఆడపిల్లకు సరిపడుతుందా? హైదరాబాద్‌లో క్లాట్ (జాతీయ లా విశ్వవిద్యాలయాల ప్రవేశ పరీక్ష) లాంగ్‌టర్మ్ కోచింగ్ ఇప్పించి కార్పొరేట్ లా వైపు పంపమని బంధువులు అంటున్నారు. రెండింటిలో ఏది మేలు?

జవాబు: అయ్యా, పాలమూరు నుంచీ నల్లగొండ నుంచీ ఆడపిల్లల తండ్రులు రాసే ఉత్తరాలు చాలావరకు కోర్సు పేరుతో మొదలై, ‘ఆడపిల్లకు సరిపడుతుందా’ అన్న మాట దగ్గర ఆగుతాయి. మీ అమ్మాయి ఆ ఘోరాలు వినాల్సి వస్తుందేమోనని మీరు భయపడుతున్నారు. ఆమె వాటిని మీ ఇంట్లోనే వినేసింది. ఆనాటి పంచాయితీలో ఎందరు ఆడవాళ్లు కూర్చున్నారో, దెబ్బలు తిన్న అమ్మాయిని ఎవరైనా పక్కకు పిలిచి ‘నీకేం కావాలి బిడ్డా’ అని అడిగారో లేదో మీరు రాయలేదు. కఠినంగా చెబుతున్నందుకు క్షమించండి గానీ, కొట్టిన ఇంటికే తిరిగి పంపడాన్ని సర్దుబాటు అనకూడదు. 2005 నాటి గృహహింస చట్టం కింద దరఖాస్తు అందితే మేజిస్ట్రేటు మామూలుగా 3 రోజుల్లోపు మొదటి విచారణ తేదీ పెట్టాలి, 60 రోజుల్లో తేల్చేందుకు ప్రయత్నించాలి. భర్త జోలికి రాకుండా రక్షణ ఉత్తర్వు, అదే ఇంట్లో ఉండే హక్కు, ఖర్చులకు డబ్బు, ఇవన్నీ ఆ మేజిస్ట్రేటు ఇప్పించగలరు. ఈ దారి ఒకటుందని మీ అమ్మాయి ఎక్కడో చదివి ఉంటుంది, ఆమె పట్టుకు కారణం అదేనని నా నమ్మకం.

మహిళా న్యాయమూర్తులు ఎందుకు కావాలో చట్టమే చెబుతోంది. అత్యాచారం కేసుల్లో బాధితురాలి వాంగ్మూలాన్ని వీలైనంత వరకు మహిళా మేజిస్ట్రేటే నమోదు చేయాలని, ఇతరులకు ప్రవేశం లేకుండా సాగే విచారణను వీలైనంత వరకు మహిళా న్యాయమూర్తే జరపాలని 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన, నేర విచారణ పద్ధతిని చెప్పే భారతీయ నాగరిక సురక్షా సంహితలో ఉంది. ఆ ‘వీలు’ కుదరాలంటే ఊరూరి కోర్టుల్లో ఆడవాళ్లు జడ్జీలుగా ఉండాలి కదా. పిల్లలపై లైంగిక నేరాల చట్టమైన పోక్సో కింద వచ్చే కేసులో చిన్నపిల్లను వకీళ్లు నేరుగా ప్రశ్నించడానికి లేదు, వారి ప్రశ్నలను న్యాయమూర్తే పిల్లకు వేయాలి. తండా నుంచో చెంచుపెంట నుంచో వచ్చిన పిల్ల తనకు జరిగినదాన్ని ఏ మాటలతో చెబుతుందో, ఎక్కడ సిగ్గుపడి మౌనంగా ఉంటుందో నల్లమల అంచున పెరిగిన మీ అమ్మాయికి తెలిసినంతగా నగరంలో పెరిగినవారికి తెలియదు. మన దగ్గరి మాటే చూడండి. మిర్యాలగూడలో 2018లో జరిగిన ప్రణయ్ పరువు హత్య కేసులో, 2025 మార్చి 10న ఒకరికి ఉరిశిక్ష, ఆరుగురికి యావజ్జీవం విధించిన నల్లగొండ ప్రత్యేక కోర్టులో ఆ తీర్పు చెప్పినది మహిళా న్యాయమూర్తే.

అయితే ఆడది కుర్చీలో కూర్చుంటే చాలు, న్యాయం దానంతటదే జరుగుతుందని నేను అనను. బట్టల మీదుగా తాకితే పోక్సో కింద లైంగిక దాడి కాదని 2021 జనవరిలో బాంబే హైకోర్టు నాగ్‌పూర్ ధర్మాసనం నుంచి వచ్చిన తీర్పు ఒక మహిళా న్యాయమూర్తిదే. అదే ఏడాది నవంబరులో దాన్ని కొట్టివేసిన సుప్రీంకోర్టు తీర్పును రాసినవారు జస్టిస్ బేలా త్రివేది. మధ్యప్రదేశ్‌లో వేధింపుల కేసు నిందితుడికి, బాధితురాలి ఇంటికి వెళ్లి రాఖీ కట్టించుకోవాలన్న షరతుతో హైకోర్టు బెయిలిస్తే, తొమ్మిది మంది మహిళా న్యాయవాదులు సుప్రీంకోర్టుకు వెళ్లారు. 2021 మార్చిలో ఆ షరతును రద్దు చేస్తూ, ఇలాంటి కేసుల్లో రాజీపడమనో పెళ్లి చేసుకోమనో కోర్టులు సలహా ఇవ్వకూడదని సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. మీ పెద్దమనుషులు అరుగు మీద చేసినదానికీ ఆ షరతుకూ పెద్ద తేడా నాకు కనబడదు. కనుక మీ అమ్మాయికి కావలసింది చదువు, ఓపిక, తన అభిప్రాయాలను తానే ప్రశ్నించుకునే అలవాటు. ఇవి అభ్యాసంతో వస్తాయి.

ఇక మీరడిగిన పోలిక. క్లాట్ మంచి పరీక్షే, జాతీయ లా విశ్వవిద్యాలయాలు మంచివే, అక్కడ చదివినవారూ జడ్జీలు కావచ్చు. నా సందేహం వేరే చోట ఉంది. ఆ ఐదేళ్ల చదువుకు పది లక్షలు దాటుతుంది, లాంగ్‌టర్మ్ ఖర్చు దీనికి అదనం. అప్పు చేసి చదివిన పిల్ల ఏ పని చేయాలో ఆ అప్పే నిర్ణయిస్తుంది. పెద్ద సంస్థల ఉద్యోగాలు దొరికే కొద్దిమంది ఫొటోలే కోచింగ్ ప్రకటనల్లో కనిపిస్తాయి, మిగిలినవారి సంగతి ఎవరూ అచ్చు వేయరు. కంపెనీల ఒప్పందాలు రాయడం గౌరవమైన పనే, కానీ మీ అమ్మాయి అడిగింది ఆ పని కాదు. రాష్ట్ర లా ప్రవేశ పరీక్ష అయిన లాసెట్ రాసి మన రాష్ట్రంలోనే ఐదేళ్ల కోర్సు చేస్తే ఖర్చు మీ చేతిలో ఉంటుంది.

కాలేజీ నుంచి నేరుగా జడ్జి కుర్చీలోకి అన్న మాటలను కూడా నమ్మకండి. జడ్జి ఉద్యోగాల్లో తొలి మెట్టయిన జూనియర్ సివిల్ జడ్జి నియామకానికి కనీసం మూడేళ్ల ప్రాక్టీసు ఉండాలని 2025 మే 20న సుప్రీంకోర్టు తీర్పునిచ్చింది. ఆ మూడేళ్లలో సంపాదన నామమాత్రమే, ఇంటి నుంచి డబ్బు పంపాల్సి వస్తుంది, ముందే సిద్ధపడండి. కానీ భరణం, గృహహింస కేసులు చేసే మంచి సీనియరు దగ్గర గడిపితే ఆ కాలం వృథా కాదు. రేపు తన ముందు నిలబడబోయే మనుషులను ఆమె అక్కడే తెలుసుకుంటుంది.

బదిలీలు ఉంటాయి, కొన్ని కేసులు విన్న రాత్రి నిద్ర పట్టదు, అది నిజం. డాక్టరుకూ నర్సుకూ అదే కదా, మన ఆడపిల్లలు ఆ పనులు చేయడం లేదా? పెళ్లి గురించి మీరు రాయలేదు గానీ ఆ బెంగ కూడా ఉంటుందని ఊహిస్తున్నాను. జడ్జి అయినందుకు వెనక్కి పోయే సంబంధం మీ ఇంటికి తగినది కాదు.

ఒక పని మాత్రం కాలేజీ ఫారం నింపేలోపే చేయండి. మీ అన్న కూతురికి ఫోన్ చేసి, ఎలా ఉందో ఆమెనే అడగండి. ఇంకా బాధ పడుతుంటే జిల్లా న్యాయసేవాధికార సంస్థకు తీసుకెళ్లండి, ఆడవారికి ఆదాయంతో పని లేకుండా అక్కడ వకీలును ఉచితంగా ఇస్తారు. వెళ్లేటప్పుడు మీ అమ్మాయిని కూడా వెంట తీసుకెళ్లండి.